నలభై రాత్రుల ఇల్లు

బాగన్ దాతుక్, పేరాక్
3 జూన్ 2025

జయమణికి,

సముద్రం ఒడ్డున పాలరాతి మేడ కట్టుకుని, అందులో ప్రశాంతంగా కన్నుమూసినవాడు పురాణాలన్నీ వెతికినా ఒక్కడు దొరుకుతాడా? దొరికితే పేరు చెప్పు. లంక అంతా బంగారమే, ఏమైంది? ద్వారకకు సాక్షాత్తూ భగవంతుడే యజమాని, ఏమైంది? నలభై ఏళ్ళుగా ప్రతి ఆదివారం రామమందిరంలో నిలబడి ఈ సంగతే చెబుతున్నాను. మిల్లులో బాయిలర్ దగ్గర చెమట కక్కిన ఆరు రోజులూ చదివినదాన్ని ఏడో రోజు చెప్పాను. ఊరంతా విన్నది. నా సొంత చెల్లెలు వినలేదు.

కబురు నీ నోట రాలేదు, మోహనప్రియ ఫోన్‌లో వచ్చింది. నా మనవరాలు గంతులేస్తూ, "తాతా, జయమణి పాట్టి కాండో వాంగినాది! బీచ్ ముందరే! స్విమ్మింగ్ పూల్ సూడు లా, సముద్రంలో కలిసిపోతాది!" అన్నది. కరీబియన్ సముద్రంలో సాంతా రీటా అనే దీవిలో మేడ ఇల్లు కొన్నావట. పటంలో మన ఊరి మీద ఒక వేలు పెట్టి, ఇంకో వేలు ఆ దీవి మీద పెట్టడానికి పిల్ల రెండు చేతులూ చాచాల్సి వచ్చింది.

ఓడ ఉద్యోగం మానేస్తున్నానని పోయిన దీపావళికి నువ్వు ఫోన్ చేశావు. అంతకు ముందే నా ఇంటి పక్క స్థలం శుభ్రం చేయించాను. నీ గుమ్మం తూర్పుకు రావాలని కాసే రంబుతాన్ చెట్టు కొట్టించాను. నువ్వు రానన్నావు. నేనొకటి అన్నాను, నువ్వు రెండన్నావు. అందుకే ఇక ఫోన్ వద్దు. మన ఇద్దరి నోటికీ తలుపు లేదు. నేను కాగితం మీద రాస్తాను, మోహనప్రియ ఫొటో తీసి పంపుతుంది. నువ్వూ అలాగే చెయ్యి. తెలుగులో రాయి. నేను పలక మీద దిద్దించిన అక్షరాలు ఉన్నాయో పోయాయో చూస్తాను.

యాభై ఎనిమిదేళ్ళ ఒంటరి మనిషికి, డబ్బున్నవాళ్ళు సెలవులకొచ్చే మేడలో ఏం పని? ఎవరికి చూపించడానికి?

అన్న,
జయరామ్


సాంతా రీటా
9 జూన్

అన్నయ్యకు నమస్కారాలు.

అక్షరాలు ఉన్నాయి. 'ఝ' ఒక్కటే గుర్తు రాలేదు. ఆ అక్షరంతో నాకిక్కడ పని పడలేదు కాబట్టి నువ్వు మార్కులు తగ్గించకు.

పురాణంలో పేరు చెప్పమన్నావు. నాకు పురాణాలు రావు, నాకొచ్చినది చెబుతాను. ఓడలో దుప్పట్లు ఉతికే పనిలో ఇరవై రెండేళ్ళున్నాను. మా పడకలు నీటి మట్టానికి కింద. కిటికీ లేదు. సముద్రం మీద ఇరవై రెండేళ్ళు బతికి, సముద్రాన్ని గోడకు అవతల చప్పుడుగా విన్నాను తప్ప చూసింది తక్కువ. ప్రతి మంగళవారం ఓడ ఈ దీవిలో ఆగేది. నాలుగు గంటలు దిగనిచ్చేవాళ్ళు. ఈ తెల్లటి మేడ ఎదురుగా గట్టు మీద కూర్చుని రొట్టె తినేదాన్ని. మొదటిసారి ఇక్కడి కాపలామనిషి ఈల ఊది నన్ను లేపేశాడు. ఇప్పుడు అదే మనిషి నాకు గేటు తీస్తున్నాడు.

ఏడో అంతస్తు. ఒక పడకగది, ఒక హాలు. హాలుకు సముద్రం వైపు గోడ లేదు, అంతా గాజు. పొద్దున కళ్ళు తెరిస్తే నీళ్ళు. ఎవరికి చూపించడానికి అని అడిగావు. చూపించడానికి కాదన్నయ్యా, చూడడానికి.

ఆ స్థలం నీ మనవలకు ఉంచు. నా కోసం ఖాళీగా పెట్టవద్దు.

ఒక్కటి అడుగుతాను. ఇక్కడ గుడి లేదు, పంతులు లేడు. గృహప్రవేశం ఎలా చెయ్యాలో నువ్వే చెప్పు. నువ్వు ఏం రాస్తే అది, అక్షరం తప్పకుండా చేస్తాను. మన ఇంటి పద్ధతి లేకుండా ఆ గడప దాటాలని లేదు.

నీ చెల్లి,
మణి


బాగన్ దాతుక్
15 జూన్

జయమణికి,

స్థలం మనవలకిమ్మని నాకు చెబుతున్నావా? అన్న పెట్టింది వద్దనుకున్నదానివి, అన్న శాస్త్రం మాత్రం కావాలా? సరే. అడిగినవాడు శత్రువైనా ధర్మం చెప్పాలి. విభీషణుడు అడిగితే రాముడు కాదన్నాడా?

ఆషాఢంలో అడుగు పెట్టకు. శ్రావణ శుక్రవారం మంచిది. తూర్పు వైపు పాలు పొంగించు, పొయ్యి మీద పొర్లిపోవాలి. సాంబ్రాణి వెయ్యి. రాముడి పటం ముందు ఇల్లు నీదని చెప్పు.

తర్వాతదే అసలు పరీక్ష. పాలు పొంగిన నాటి నుంచి నలభై రాత్రులు ఆ ఇల్లు ఖాళీగా ఉండకూడదు. ప్రతి రాత్రీ ఆ కప్పు కిందే పడుకోవాలి. కిటికీలో దీపం వెలగాలి. ఒక్క రాత్రి తప్పినా ఆ ఇల్లు నీది కాదు, నువ్వు ఎంత పోసి కొన్నా కాదు. ఇది మన పెద్దల శాస్త్రం. మన నాన్న పాటించాడు, ఆయన తండ్రి పాటించాడు. నేను ఈ ఇంట్లో చేరినప్పుడు జ్వరంతో కూడా కదలలేదు.

నువ్వు చెయ్యలేవు. పదో రోజుకి అద్దెకిచ్చి ఇంకో ఓడ ఎక్కుతావు. రాసిపెట్టుకో.

మందిరం పైకప్పు మళ్ళీ కారుతోంది. సెల్లప్పన్ రేకులు తెస్తానని రెండు నెలలుగా తెస్తూనే ఉన్నాడు.

జయరామ్


సాంతా రీటా
10 ఆగస్టు

అన్నయ్యా,

మొన్న శుక్రవారం ఇంట్లో చేరాను. ఈ పొయ్యి గాజు పలకలా ఉంటుంది, మంట ఉండదు. పాలు పొంగి దాని మీద పొర్లితే మాడి పొగ లేచింది. దానికి తోడు నీ సాంబ్రాణి. ఇంకేం, పైకప్పులో గంట మొదలైంది. ఏడంతస్తుల్లోనూ మోగింది! ఈత కొలను దగ్గర పడుకున్నవాళ్ళు తువ్వాళ్ళు చుట్టుకుని రోడ్డు మీదికి పరుగు. నేను పట్టుచీరలో, చేతిలో గంటె. కాపలామనిషి అన్సెల్మో నిప్పు ఆర్పే గొట్టం పట్టుకుని ఏడంతస్తులు ఎక్కి వచ్చాడు. పొయ్యి చూశాడు, నన్ను చూశాడు, కూర్చుని నవ్వాడు. మిగిలిన పాలలో పంచదార వేసి ఇచ్చాను.

ఈ మేడలో నిప్పు వెలిగించకూడదట. మేడ యజమానుల సంఘం వాళ్ళు హెచ్చరిక కాగితం ఇచ్చారు. దీపాన్ని లాంతరు గాజులో పెట్టి కిటికీ దగ్గర ఉంచాను. అన్సెల్మో చూసీ చూడనట్టు పోతున్నాడు.

రెండు రాత్రులయ్యాయి. రాముడి ముందు మాట ఇచ్చాను, నలభై రాత్రులు కదలనని. నువ్వు రాసిపెట్టుకోమన్నావు కదా, నేను గోడ మీద గీతలు పెడుతున్నాను. పెన్సిల్‌తోనే, పాలరాయి పాడవదు.

పాలు పొంగించిన రోజు తీసిన ఫొటో పంపుతున్నాను. నువ్వు ఒక్కసారి బావుందని రాస్తే చాలు.

మణి


బాగన్ దాతుక్
17 ఆగస్టు

జయమణికి,

ఫొటో చూశాను. బల్ల మీద రెండు కప్పులున్నాయి. కుర్చీకి మగవాడి టోపీ ఉంది. నేను ముసలివాణ్ణి కాని గుడ్డివాణ్ణి కాదు.

మోహనప్రియ "ఆ వాచ్‌మన్‌ది అయ్యుంటాది లా తాతా" అంటున్నది. కాపలామనిషి టోపీ గేటు దగ్గర ఉండాలి, నట్టింట్లో ఎందుకుంటుంది? లక్ష్మణుడు గీసిన గీత దాటింది ఎవరు? ఎవరి వేషం చూసి దాటింది?

గృహప్రవేశం శాస్త్రం అడిగింది ఇందుకా? పద్ధతి పేరుతో నా నోరు మూయించడానికా? దీవి ఎందుకు, ఇంత దూరం ఎందుకు అని రెండు నెలలుగా తల బద్దలు కొట్టుకున్నాను. ఇప్పుడు అర్థమైంది.

బావుందని రాయమన్నావు. గాజు బావుంది.

జయరామ్


సాంతా రీటా
2 సెప్టెంబరు, మంగళవారం

అన్నయ్యకు,

నీ ఉత్తరం చదివి రెండు వారాలు కాగితం ముట్టలేదు. టోపీ సంగతి నీకు చెప్పను. చెప్పాల్సిన అవసరం నాకు లేదు. ఇరవై రెండేళ్ళు వెయ్యిమంది మగవాళ్ళున్న ఓడలో బతికినదాన్ని ఒక టోపీ చూసి తూచావు.

అయినా రాస్తున్నాను, అడగాల్సిన పని పడింది. తూర్పున సముద్రంలో పెద్ద తుఫాను పుట్టిందట. శుక్రవారం సాయంత్రానికి ఈ దీవి మీదికి వస్తుందంటున్నారు. మేడ ఖాళీ చెయ్యమని సంఘం కాగితం అంటించింది. రెండో అంతస్తు దాకా నీళ్ళు రావచ్చట. గాజు నిలుస్తుందో లేదో తెలియదట. అన్సెల్మో ఇల్లు కొండ మీద ఉంది, అక్కడికి వచ్చి పడుకోమంటున్నాడు. రెండు మూడు రాత్రులు.

ఇప్పటికి ఇరవై అయిదు రాత్రులయ్యాయి. ప్రాణం మీదికి వస్తే శాస్త్రంలో మినహాయింపు ఏదైనా ఉందా? దీపం చేత్తో పట్టుకుని వెళితే చెల్లుతుందా? నీకే తెలుసు. నువ్వు వెళ్ళమంటే వెళతాను, ఉండమంటే ఉంటాను. తొందరగా రాయి.

మణి


బాగన్ దాతుక్
3 సెప్టెంబరు

జయమణికి,

టోపీ సంగతి చెప్పనన్నదానివి, టోపీవాడి ఇంట్లో పడుకోవడానికి నన్ను అనుమతి అడుగుతున్నావా! వానకు భయపడి! ఇక్కడ రోజూ మధ్యాహ్నం ఉరుముతుంది, కాలువ పొంగుతుంది, గుమ్మంలోకి నీళ్ళు వస్తాయి. చీపురు పట్టుకుని తోసేస్తాం. ఎవరైనా ఇల్లు వదిలి పోయారా? రాళ్ళతో కట్టిన ఏడంతస్తుల మేడకు వాన భయమా?

పద్నాలుగేళ్ళు అడవికి పొమ్మన్నారు రాముణ్ణి. పదమూడేళ్ళు గడిచాక, చివరి ఏడు మినహాయించండని కబురు పెట్టాడా? హరిశ్చంద్రుడు కాటిలో నిలబడి మినహాయింపు అడిగాడా? శాస్త్రంలో మినహాయింపు లేదు. ఒక్క రాత్రి తప్పినా ఇల్లు నీది కాదు.

మొన్న ఆదివారం మందిరంలో నిన్ను గురించే చెప్పాను. భూమికి ఆ చివర నా చెల్లెలు నలభై రాత్రుల నియమం పట్టిందని. అందరూ చప్పట్లు కొట్టారు. వచ్చే ఆదివారం వాళ్ళకేం చెప్పమంటావు?

నీ ఇష్టం. శాస్త్రం అడిగావు, చెప్పాను.

జయరామ్


సాంతా రీటా
4 సెప్టెంబరు, గురువారం సాయంత్రం

అన్నయ్యా,

సరే. ఉంటున్నాను.

మేడలో నేనొక్కదాన్నే మిగిలాను. లిఫ్టు ఆపేశారు, కరెంటు మధ్యాహ్నమే పోయింది. ఈత కొలనులో కుర్చీలన్నీ ముంచేశారు, గాలికి ఎగిరిపోకుండా. సముద్రం రంగు మారింది. ఇన్నాళ్ళూ దాని ముఖం చూడాలని కోరుకున్నాను కదా, ఇప్పుడు చూస్తున్నాను.

అన్సెల్మోకి డెబ్బై ఒకటి. భార్య, ఆరుగురు మనవలు. ఆ రోజు మెట్లెక్కి ఆయాసపడి టోపీ తీసి కుర్చీకి పెట్టాడు. అంతే. ఇవాళ గుమ్మంలో నిలబడి ఆయన భాషలో గంటసేపు బతిమాలాడు. దేవుడికి మాటిచ్చానన్నాను. "దేవుడికి ఈ గాలి సంగతి తెలుసమ్మా, మీ అన్నకు తెలీదు" అని ఏడ్చాడు. రేపు పొద్దున తొమ్మిదికి గేటుకు గొలుసు వెయ్యడానికి లారీలో మళ్ళీ వస్తాడట. అదే ఆఖరు. తర్వాత కొండకు వెళ్ళే దారిలో వంతెన మీదికి నీళ్ళు వస్తాయి.

నాకు భయంగానే ఉంది. కాని నేను దిగితే నువ్వు చెప్పింది నిజమవుతుంది, నేను ఏదీ నిలబెట్టుకోలేనిదాన్నని. ఈ ఇల్లు నాది కాకుండా పోతుంది. ఈ వయసులో నాదంటూ ఉన్నది ఇదొక్కటే.

ఫోన్ చెయ్యకు. ఫోన్లు కలవడం లేదు, ఫొటోలే వెళుతున్నాయి, ఉన్న ఛార్జి అయిపోతుంది. పొద్దున ఏడున్నరకు ఒకసారి తెరిచి చూస్తాను. నీకు రాయాలనిపిస్తే, ఈసారైనా కోప్పడకుండా రాయి.

మణి


బాగన్ దాతుక్
5 సెప్టెంబరు, శుక్రవారం, సాయంత్రం ఏడు గంటలు. నీకు పొద్దున ఏడు.

మణీ,

వెళ్ళిపో. ముందు ఈ మాట చదువు. చెప్పులు వేసుకుంటూ మిగతాది చదువు.

నీ ఉత్తరం చదివాక మోహనప్రియ ఏడుస్తూ ఫోన్ నా ముఖం ముందు పెట్టింది. ఆకాశం మీది నుంచి తీసిన బొమ్మ. సముద్రమంతా తెల్లటి సుడి, మధ్యలో కన్ను. "ఇది వాన కాదు తాతా! ఇవ్వళవు పెద్దది, సూడు!" అన్నది. మణి ఇల్లెక్కడ అని అడిగాను. ఆ సుడికి పక్కనే, గోరంత కూడా దూరం లేని చోట వేలు పెట్టింది. నేను చీపురుతో తోసే నీళ్ళనుకున్నాను. పుట్టి బుద్ధెరిగాక ఈ దేశంలో తుఫాను చూసిన పాపాన పోలేదు. చూడనిదాని మీద తీర్పు చెప్పాను.

అప్పుడు కూడా నేను నేరుగా నీకు రాయలేదు, చూడు నా గర్వం! శాస్త్రంలో విరుగుడు వెతుకుదామని దాలమ్మ అత్త దగ్గరికి పరుగెత్తాను. తొంభై మూడేళ్ళు, నాన్న తోబుట్టువుల్లో మిగిలింది ఆమె ఒక్కతే. వరండాలో తమలపాకు దంచుకుంటున్నది.

"అత్తా, కొత్త ఇంట్లో నలభై రాత్రుల నియమం ఉంది కదా. ప్రాణం మీదికొస్తే దానికి విరుగుడేమిటి?" అన్నాను.

"ఏటి నియమం రా?"

"ఇల్లు ఖాళీగా ఉంచకూడదు, కిటికీలో దీపం... మన శాస్త్రం."

దంచడం ఆపింది. "ఓరి నీ సాస్త్రం సల్లగుండ! అది కూలోళ్ళ మీద మేస్త్రీ, ఆ కంగాణి పెట్టిన సట్టం రా! తోటలో కూలోళ్ళ లయంలో గది ఇచ్చినాక మన పేరు దొర పుస్తకంలో ఎక్కడానికి నలబై దినాలు పట్టీది. ఆలోగా ఒక్క రేత్రి గది సీకటిగా కనపడినాదా, మనుషులు లేరని కంగాణి ఇంకొకళ్ళకి ఇచ్చేసీవాడు. అందుకే దీపం. కిటికీలోనే ఎందుకెట్టమన్నారనుకున్నావు? దేవుడు తొంగి సూత్తాడనా? కంగాణి సూత్తాడని!"

"మరి నాన్న శాస్త్రమని చెప్పాడే?"

"మీ నాన్న అప్పుడు సంటోడు. కంగాణి పేరు సెప్తే పిల్లలు పక్కింట్లో ఆడుకుని అక్కడే తొంగునీవాళ్ళు. దేవుడి పేరు సెప్తే ఇంటికొచ్చీవాళ్ళు. మాయమ్మ అలగే సెప్పినాది, ఆడు అలగే నమ్మినాడు. నువ్వు మైకులో సెప్పినావు."

ఆమె నా ముఖం చూసి ఏమైందని అడిగింది. చెప్పాను. ఆ తమలపాకు రోలు నా మీదికి విసిరింది. "మాయమ్మ సెప్పీది, సిక్కోలు కాడ వోళ్ళ ఊరు ఒక్క గాలివానకి తుడుసుకు పోయినాదని. తాటిసెట్టు మీద ఆవు ఏలాడినాదట. అలాటి గాలికి నీ సెల్లిని అడ్డమెట్టినావేటి రా?"

ఇప్పుడు విను. నేను తప్పు చెప్పాను. నలభై ఏళ్ళు మైకు ముందు ఒక్కసారి కూడా ఈ మాట అనలేదు. నేను చదివిన ఏ పుటలోనూ నలభై రాత్రులు లేవు. నీకు రాసేటప్పుడే వెతకవచ్చు, వెతకలేదు. ఎందుకంటే నువ్వు పదో రోజుకే ఓడిపోతావని, ఓడి నా పక్కకు వస్తావని ఆశపడ్డాను. నీ చేత నియమం పట్టించింది నీ ఇంటి కోసం కాదు, నా ఖాళీ స్థలం కోసం. దానికి రాముడి పేరు పెట్టాను. రావణుడు సన్యాసి వేషం వేశాడని నీకు రాసిన చేత్తోనే.

దేవుడికి మాటిచ్చానంటావేమో. యుద్ధంలో ఆయుధం పట్టనని కృష్ణుడు లోకమంతా వినేలా మాటిచ్చాడు. తనను నమ్మినవాడి ప్రాణం పోయేలా ఉంటే ఏం చేశాడు? రథం దిగి చక్రం పట్టి దూకాడు! మాట పోతే పోయిందన్నాడు, ప్రాణం పోనివ్వలేదు. నువ్వు ఆయనకంటే పెద్దదానివా? దిగడం పాపమైతే ఆ పాపం నాది. రాముడి పటం ముందు ఇప్పుడే ఒప్పుకున్నాను, మోహనప్రియ సాక్షి. ఎల్లుండి ఆదివారం మందిరంలో అందరి ముందు ఒప్పుకుంటాను. చప్పట్లు కొట్టిన ప్రతి ఒక్కరి ముందూ.

ఇల్లు నీదే. ఇరవై రెండేళ్ళు కిటికీ లేకుండా పడుకున్నదానివి, ఆ ఇల్లు నీది కాదనడానికి నేనెవర్ని? గాజు పగలనీ, నీళ్ళు రానీ, అయినా నీదే. నువ్వు లేకపోతే అది ఎవరిదైతే నాకేం?

ఏడున్నరకు తెరుస్తానన్నావు. మోహనప్రియ పదకొండుసార్లు ఫోన్ చేసింది, కలవలేదు. ఈ కాగితం వెళుతుందని నమ్ముతున్నాను. తొమ్మిదికి లారీ వస్తుంది. నువ్వు తొమ్మిది దాకా పైన ఉండకు, ఎనిమిదికే గేటు దగ్గర నిలబడు. ఆయన చూడకుండా గొలుసు వేసి పోతే నిన్ను పిలిచేవాళ్ళు లేరు. ఏడంతస్తులు మెట్లు, చీకటిగా ఉంటాయి, గోడ పట్టుకుని దిగు. పాస్‌పోర్టు, మందులు, నీళ్ళ సీసా. ఇంకేమీ వద్దు. పటం కూడా వద్దు, రాముడు తన సంగతి తాను చూసుకుంటాడు. అన్సెల్మోగారికి నా తరఫున చేతులు జోడించు. ఆయన ఇంట్లో ఆయన ఇచ్చింది తిను, ఆయన భార్య పక్కన పడుకో.

రేపు కాదు, గాలి పెరిగాక కాదు. ఇది చదువుతున్న ఈ నిమిషంలో లే. కాగితం కింద పెట్టకు, జవాబు రాయకు. తలుపు తియ్యి. దిగు మణీ, దిగు!